కొలతల పుస్తకంలో బీపీ

మార్చి 3, ఉదయం 7

గుండె ఆపరేషన్ అయి నెల. ఛాతీ మీద కుట్టు అద్దంలో చూసుకున్నాను. సర్జన్ పనితనం పర్వాలేదు, కింద ముడి దగ్గర కాస్త తొందరపడ్డాడు. నలభై ఏళ్లు టైలర్‌గా బతికినవాణ్ణి, ఆ మాత్రం అంటాను.

బీపీ రోజూ రాసిపెట్టమన్నారు. కొత్త డైరీ ఎందుకని షాపులోని పాత కొలతల పుస్తకం తీశాను. వెనక ఖాళీ పేజీలు బోలెడు. ముందంతా మా ఆవిడ చేతిరాత. ఆవిడ పోయి నాలుగేళ్లు. పుస్తకం ఇంకా సుద్ద వాసనే వేస్తోంది.

మార్చి 5

మెషీన్ 158/96 అంది. 138/86 రాశాను. మెట్లెక్కి వచ్చాను కదా, పైగా పట్టీ బిగుతు. టేపు మాట ఒక్కటే వింటే ఎలా, మనిషిని కూడా చూడాలి. షాపుకొచ్చేవాళ్లు ఛాతీ విరుచుకుని నిలబడేవాళ్లు. ఆవిడ టేపు పట్టేది. నేను ఎగాదిగా చూసి, ఒకటో రెండో తగ్గించి అంకె చెప్పేవాణ్ణి. ఆవిడ నవ్వుతూ రాసుకునేది. ఆ రోజులే వేరు.

మార్చి 9

136/84. నా కన్ను ఇంకా పదునే.

మార్చి 17, సాయంత్రం

పుస్తకం చూసి డాక్టర్ మురిసిపోయారు. బీపీ మాత్ర సగానికి తగ్గించారు. తోడొచ్చిన మా అమ్మాయి ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం అన్నం సయించలేదు.

మార్చి 21

తల వెనక ఒకటే నొప్పి. మెషీన్ 176/104. ఎంత తగ్గించి రాయాలో తోచలేదు. ఊరికే ముందు పేజీలు తిప్పాను.

ఎవరో బ్యాంకు ఆయన చొక్కా. ఛాతీ 40, పెన్నుతో. అది నేను చెప్పిన అంకె. దాని కింద సన్నగా, పెన్సిల్‌తో 42. అది టేపు చూపించిన అంకె. పేజీ తిప్పాను. అక్కడా పెన్సిలే. పుస్తకమంతా అంతే.

లోపల రెండంగుళాల గుడ్డ వదలమని ఎందుకు పోరేదో ఇప్పుడు తెలిసింది. ట్రయల్‌లో బిగుతైన చొక్కాలన్నీ నాకు తెలియకుండా విప్పి వదులు చేసేదన్నమాట. ఇన్నేళ్లలో ఒక్కనాడూ నా మొహాన అనలేదు. నేనేమో నా కన్ను గొప్పని మీసం మెలేశాను.

ఏడుపొచ్చింది. చొక్కాలకైతే ఆవిడ ఉంది. నా గుండెకు లోపల వదిలిన గుడ్డ లేదు. అమ్మాయిని పిలిచి అంతా చెప్పేశాను. వెంటనే ఆటో పిలిచింది.

అదే రోజు, మధ్యాహ్నం

డాక్టర్ మాత్ర మళ్లీ పూర్తిది చేశారు, ఇంకోటి కలిపారు. కోప్పడలేదు. ఒక్కటే అన్నారు.

"నేను మందిచ్చింది మీ బీపీకి కాదండీ. మీరు రాసిన అంకెకి."

మార్చి 29

అమ్మాయి పెన్ను అందించింది. వద్దని పెన్సిల్ అడిగి తీసుకున్నాను.

152/92.