తమరి పేరు క్రింద మా తమ్ముడు

కొత్తపాలెం,
ఫిబ్రవరి 1988.

శ్రీయుత మునిసిపల్ కమీషనరు గారి సముఖమునకు,
నల్లగుంటపేట పురపాలక సంఘము.

అయ్యా,

విషయం: పురపాలక సంఘము వారి ప్రకటనలు జనం చేతుల్లో పడే పత్రికకు ఇప్పించుట గురించి, దాని వలన తప్పిపోయిన మా తమ్ముని ఫోటో మరల అచ్చగుట గురించి.

నేను తమ ఊరికి ఆనుకొని ఉన్న కొత్తపాలెం కాపురస్తుడను. మిరప చేలలో కూలిని. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదువుకున్నాను. పెద్దల ఎదుట నాకు మాట పెగలదు. ఈ సంగతి చెప్పుకొనుటకు తమ ఆఫీసు వరండా దాకా వచ్చి, తమరు జీపు దిగుట చూచి, నమస్కారం పెట్టి తిరిగి వెళ్ళిపోయితిని. అందుచేత వ్రాసుకొనుచున్నాను. తప్పులుంటే మన్నించాలి.

1. మా తమ్ముని పేరు యేసుపాదం. నలభై ఏళ్ళ వాడు. చామనచాయ. ఎడమ కనుబొమ మీద గాటు కలదు. బుద్ధి చిన్నపిల్లవానిది. పేరు అడిగితే నవ్వును. "అన్న" అను ఒక్క మాట తప్ప వేరు మాట రాదు. మా అమ్మ పోయినప్పటి నుండి నా దగ్గరే ఉన్నాడు. నేను కోతకు పోతే గట్టు మీద కూర్చొనును. చర్చిలో నా ప్రక్కన కూర్చొని, అందరూ ఆమెన్ అన్నప్పుడు వాడు "అన్న" అనును. పాస్టరు గారు కూడా ఏమీ అనేవారు కారు.

రెండేళ్ళ క్రిందట మిరప రోజులలో మా ఆసామి బాపయ్య గారి లారీ మీద గుంటూరు యార్డుకు బస్తాలు దింపే పనికి పోయితిమి. వాడిని నీడన కూర్చోబెట్టి నేను బస్తాతో కాటా దగ్గరకు వెళ్ళి వచ్చేసరికి, కూర్చున్న చోట వాడి తువాలు ఉన్నది. వాడు లేడు. పోలీసు వారు వివరములు వ్రాసుకున్నారు. తువాలు తెచ్చుకున్నాను.

2. అప్పుడు తమ పట్టణములో "మన మెట్ట" అను వారపత్రిక నడుపుచుండిన ఆదెయ్య గారు నన్ను పిలిచి, "ఫోటో ఉందా ఇమ్మానియేలూ?" అని అడిగినారు. క్రిస్మస్ నాడు చర్చి ముందు అందరం నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి ఉన్నది. అందులో నేనూ వాడూ ప్రక్కప్రక్కన ఉన్నాము. ఆ ఫోటోకు గుంటూరులో అచ్చు వేసే లోహపు బ్లాకు చేయించినప్పుడు నన్ను తీసివేసి వాడిని ఉంచినారు. కాని వాడి భుజం మీద వేసిన నా చెయ్యి మాత్రం మిగిలిపోయినది.

"ఈ చెయ్యి కూడా తీయించమంటావా? ఎవరిదో తెలియక జనం తికమక పడతారేమో" అన్నారు ఆదెయ్య గారు.

"ఉండనివ్వండి" అన్నాను.

నా వద్ద ఏమీ తీసుకోలేదు. పత్రిక నడిచేది మునిసిపాలిటీ ప్రకటనల మీదనే అని ఆయనే చెప్పినారు. కాలవల టెండర్లు, కొట్ల వేలములు, పన్ను నోటీసులు మొదటి పేజీలో పడేవి. చివర "కమీషనరు" అని తమరి పేరు ఉండును. తమరి పేరు క్రింద కాస్త చోటు మిగిలేది. ఆ చోటులో "కనబడుట లేదు" అని మా తమ్ముడు. వారం వారం అక్కడే. తమరు చూచియుందురో లేదో తెలియదు.

పాలెంలో చదువు రానివారు కూడా వాడిని గుర్తుపట్టేవారు. టీ కొట్టు బుడాన్ అందరి ముందూ అరిచేవాడు. "ఏరా ఇమ్మానియేలూ, మీ వాడికి మునిసిపాలిటీలో ఉద్యోగమయిందంటగా! ఏకంగా కమీషనరు కిందే కూర్చున్నాడు! మాకూ ఒక మాట చెప్పరా!"

అందరూ నవ్వితే నేనూ నవ్వితిని. ఇంటికి వచ్చి కాగితం విప్పి చూస్తే, నిజంగానే వాడు ఎక్కడో పెద్దవారి నీడన కూర్చున్నట్లు ఉన్నది. ఆ పూట అన్నం సయించినది.

3. ఆ పత్రిక చదివేవారు కొద్దిమందే. చదివిన తర్వాత దాని ప్రయాణం ఎక్కువ. పాత కాగితాల వారు కొనుక్కొని పోతే చీరాల స్టేషను దాకా బజ్జీల పొట్లాలుగా పోవును. ఆదెయ్య గారికి ఇది చిన్నతనముగా ఉండేది. నాకు మాత్రం అదే ఆధారమైనది. ఎందుకనగా పోయిన వానల్లో ప్రెస్సు అడ్రసుకు ఒక కార్డు వచ్చినది. స్టేషను బయట బజ్జీలు వేసే నజీరా అను ఆమె ఎవరి చేతనో వ్రాయించినది. నేను పరుగున చీరాల వెళ్ళితిని. ఆమె చెప్పినది చెప్పినట్లే వ్రాయుచున్నాను.

"వచ్చాడయ్యా. ఎవరో కొనిపెడితే రెండు బజ్జీలు తిన్నాడు. పొట్లం పారెయ్యలా. చొక్కాకి తుడిచి, చాపు చేసి, చూసి ఒకటే నవ్వు. 'ఏందయ్యా, అంత నవ్వొచ్చే సంగతేం రాశారు' అన్నా. బొమ్మలో భుజం మీదున్న చేతి మీద వేలు పెట్టి 'అన్న' అన్నాడు. పిచ్చోడు కాబోలు అనుకున్నా. ఇంతలో బండొచ్చింది, ఎక్కిపోయాడు. తర్వాత ఇంకో కాగితం చింపబోతే అదే మొహం! నా గుండె జారిపోయిందయ్యా. చేతిలో ఉన్నోడిని వదిలేశాను గదా."

ఆమె కళ్ళు ఒత్తుకుంటుంటే ఎటు చూడాలో తెలియక పొయ్యి వైపు చూచితిని.

"ఆ బొమ్మ కాగితాలు నువ్వు నాకు పంపిస్తా ఉండు. మొహం పైకి కనబడేట్టు కడతా పొట్లం. ఈసారొస్తే కూర్చోబెట్టి కబురు చేస్తా" అన్నది.

అయ్యా, వాడు బ్రతికి ఉన్నాడు. వాడికి ఊరు పేరు చెప్పుట రాదు. ఆ బొమ్మ మాత్రం గుర్తుపట్టును. వాడు తిరిగి వచ్చుటకు ఆ పొట్లం తప్ప వేరు దారి నాకు తెలియదు.

4. పోయిన ఆగస్టు నుండి తమ ప్రకటనలు "పురశోభ" అను పత్రికకు పోవుచున్నవి. అది ఎవరిదో, ఎందుకు మార్చినారో అడుగుటకు నేను తగను. ఇవి పోయిన తర్వాత "మన మెట్ట" కొద్ది వారములు ఈడ్చి ఆగిపోయినది. ఆదెయ్య గారు ప్రెస్సు అమ్ముకొని ఒంగోలులో కూతురు వద్దకు చేరినారు.

"పురశోభ" కొరకు నేను బస్టాండులో వెదికినాను. మంగలి షాపులో, లైబ్రరీలో అడిగినాను. పాత కాగితాల వారి కట్టలు కూడా విప్పించినాను. పొట్లంగా సైతం ఎక్కడా దొరకలేదు. చివరకు తమ ఆఫీసులోనే దొరికినది. గుమాస్తా గారు బీరువా తీసి ఫైలులో చూపించినారు.

"ఇది ఊళ్ళో ఎక్కడ దొరుకుద్దండీ?" అని అడిగితిని.

"దొరకడమేంటి పెద్దాయనా! ఇది చదవడానికి కాదు, బిల్లుకి జతపరచడానికి."

"మరి జనానికి తెలియాలి గదండీ."

"ప్రకటన పడిందా, లేదా? అంతవరకే మాకు కావాల్సింది. ఎవరు చూశారన్నది రూల్సులో లేదు. పో, పో, సార్ వచ్చే టైమైంది."

ఆయన కోపిష్టి కాదు. నాకు మంచినీళ్ళు కూడా ఇప్పించినారు. ఆ కాగితం చూచితిని. సగం పేజీ టెండరు. ప్రక్కన ఛైర్మను గారి ఫోటో. చివర తమరి పేరు. తమరి పేరు క్రింద జానెడు తెల్ల కాగితం ఊరకే ఉన్నది. అంత చోటు ఖాళీగా చూచేసరికి నాకు అక్కడే దుఃఖం ఆగలేదు. గుమాస్తా గారు, "ఏమైంది పెద్దాయనా, టెండరు నీకు రాలేదా?" అన్నారు.

కూరగాయలమ్మే సుబ్బరావమ్మ కూడా ఈ కారణముననే నష్టపోయినది. మార్కెట్టు కొట్ల వేలం పెట్టినట్లు ఆమెకు తెలియదు. ఆమె ఎప్పటి నుంచో కూర్చునే కొట్టుకు వేరొకరు తాళం వేసుకొని పోతే అప్పుడు తెలిసినది. "పేపర్లో వేశాం" అన్నారట. ఇప్పుడు ఎండలో గంప పెట్టుకొని కూర్చొనుచున్నది. ఆమె నన్ను వ్రాయమనలేదు. నాకై నేనే వ్రాసినాను.

5. కావున తమరిని వేడుకొనునది ఏమనగా, ప్రకటనల సొమ్ము జనానిది. ఆ కాగితం జనం చేతికి వచ్చేటట్లు చూడవలెను. ఆదెయ్య గారికే ఇవ్వమనుట లేదు, ఆయన ఓపిక అయిపోయినది. ఏ పత్రిక అయినా సరే. చదివినా సరే, పొట్లం కట్టినా సరే, ఊళ్ళోకి వస్తే చాలు. తమరి పేరు క్రింద మునుపటివలె ఆ కాస్త చోటు ఇప్పిస్తే మా వాడు అందులో సర్దుకొనును. వాడు ఎక్కడ ఉన్నా ఎక్కువ చోటు పట్టేవాడు కాడు.

నోట చెప్పలేక చేత వ్రాసిన ఈ మాటలను తమరు దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తమరి పేరు క్రింద ఉండిన యేసుపాదం అన్న,
తాళ్ళూరి ఇమ్మానియేలు.

మరి ఒక మాట. ప్రెస్సు అమ్మినప్పుడు అక్షరాలు కూర్చే మొహిద్దీన్ బాషా, "ఇది పాత ఇనుములో పోగూడదు తాతా" అని మా తమ్ముని బ్లాకు తెచ్చి నా చేతిలో పెట్టినాడు. పోస్టాఫీసు వారి సిరా దిమ్మ అడిగి తీసుకొని ఈ కాగితం అడుగున నేనే ఒత్తితిని. నాకు చేత గాక ముఖం అలుక్కుపోయినది. భుజం మీద చెయ్యి మాత్రం బాగానే పడినది. వాడికి అది చాలును.

అయ్యా, తమరు చదివిన తర్వాత ఈ అర్జీని ఫైలులో పెట్టించవద్దు. బీరువాలో ఉంటే వాడు చూడలేడు. చీరాల పోయేవారు ఎవరైనా ఉంటే స్టేషను బయట నజీరాకు ఇప్పించండి. బొమ్మ పైకి కనబడేట్టు కడుతుంది.