నల్ల బొట్టుబిళ్లలు

మండల విద్యాధికారి గారికి,

జిల్లా ప్రదర్శనకు మా ఎనిమిదో తరగతి ప్రాజెక్టు ఎంపికైందని తెలిసి మా ఉద్దానం పిల్లలు సంబరపడ్డారు. 'మా ఊరి నీళ్లు' అన్న ఆ నమూనాలో ఇళ్లన్నీ కొబ్బరి చిప్పలే. పిల్లలు ఇంటింటికీ తిరిగి, ఏ నూతి నీళ్లు తాగుతున్నారో, ఎవరికి కిడ్నీలు పాడయ్యాయో అడిగారు. జబ్బున్న ప్రతి ఇంటి చిప్ప మీదా నల్ల బొట్టుబిళ్ల అంటించారు.

కలెక్టరు గారు వస్తారు, చూడ్డానికి బాగోదు, బిళ్లలు పీకేసి తెమ్మని నిన్న తమరు ఫోనులో చెప్పారు. అదే మాట క్లాసులో చెప్పాను. ఎవరూ కదల్లేదు. మొన్ననే తండ్రిని పోగొట్టుకున్న ఈశ్వరి మాత్రం లేచి వెళ్లి, తన ఇంటి బిళ్ల మీద గోరు పెట్టి నావైపు తిరిగింది.

"ఇది పీకేస్తే మా అయ్య లెగిసొస్తాడేటండీ, మేస్టారూ?"

తమరి దగ్గర జవాబు ఉంటే, బడికి వచ్చి ఆ పిల్లకు తమరే చెప్పండి. ఆ తర్వాత బిళ్లలు నేనే పీకుతాను.

ఇట్లు,
సైన్సు ఉపాధ్యాయుడు