నాన్న తోమిన ట్యాంకు

అమ్మా, హమమత్సు క్షేమంగా చేరాను. దారిలో బండి ఇబ్బంది పెట్టలేదు.

నాన్న ఇంకా ఫోను దగ్గరికి రావడం లేదా? ఏడాది చివర ఇల్లంతా తోముతూ, బుద్ధుడి గూట్లో గంటకు వాడే ఇత్తడి పాలిష్‌తో నా బండి నల్లటి పెట్రోలు ట్యాంకు కూడా తోమేశారని నాకేం కోపం లేదు. మెకానిక్ షెడ్డు కురొయివగారు చూసి నవ్వారు: "మెరవకపోవడమే ఈ నలుపు అందం, తల్లీ! మీ నాన్న మురికనుకున్నాడు, పాపం. ఇక మళ్లీ రంగెయ్యాల్సిందే." నేను వద్దన్నాను.

ఇకమీదట సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలని చెప్పు. నీ మోకాలు ఎలా ఉంది? ముల్లంగి ఊరగాయ పంపు. పక్కింటి మామ్మను అడిగానని చెప్పు.

నాన్నకు ఈ ముక్క చదివి వినిపించు: సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా ఆ మెరిసేచోట నా మొహం కనిపిస్తోంది. ముక్కు అచ్చం ఆయనదే.

మీ చిజురు