ఖాజా మామ లేని దారి

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున్నే ఫోన్. జమ్మలమడుగు అవతల పల్లెలో, తిరునాళ్ల ఎద్దుల పోటీ దగ్గర గొడవ. బండను ఎవరి ఎద్దులు ఎక్కువ దూరం లాగాయన్నదే తగువు. తర్వాత గడ్డివాములు తగలబడ్డాయి. ఒకడి చెయ్యి విరిగింది. చాలా ఏళ్లుగా చల్లబడిన ఊరు... మళ్లీ రెండు వర్గాలు.

రేపు వెళ్లాలి. రమణ బట్టల అంగడికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు.

"నువ్వే పోవాల్నా? మీ పేపర్లో ఇంగెవరూ ల్యారా?"

ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ విలేకరిని నేనే. పెళ్లయినప్పటి నుంచీ ఆయనకు తెలిసిందే. అయినా అడుగుతాడు.

ఫిబ్రవరి 10, బస్సులో

శనగ చేలు కోతకొచ్చాయి. వంతెన కింద పెన్న సన్నగా, ఒక పక్కకు ఒదిగి పారుతోంది.

ఈ దారిలో ఖాజా మామ గుర్తుకు రాకుండా ఉండడు. నేను రాసేదాన్ని, ఆయన ఫొటోలు తీసేవాడు. ఆయన స్కూటర్ వెనక కూర్చునే ఈ పల్లెలన్నీ తిరిగాను. ఊరు చేరగానే స్కూటర్ మూతి వచ్చిన దారి వైపు తిప్పి నిలబెట్టేవాడు. పెద్దమనిషి ఇంట్లో లోపల కూర్చోవద్దు, అరుగు మీదే అనేవాడు. ఈ ఇంట్లో నీళ్లు తాగితే ఆ ఇంట్లోనూ తాగు. ఎవరి జీపూ ఎక్కవద్దు. పని కాగానే జమ్మలమడుగు బస్టాండులో ఎస్టీడీ బూత్.

"ముందు రమణకు ఫోన్ చెయ్ పాపా. వార్త ఆనక."

పక్కింటి ఫోన్ దగ్గర రమణ కాచుకుని ఉండేవాడు. "బయల్దేరినాం" అంటే చాలు, పెట్టేసేవాడు. ప్రొద్దుటూరు చేరాక కారం దోసె, పైన వెన్న ముద్ద. కళ్లలో నీళ్లు కారుతున్నా మామ ఇంకొకటి తెమ్మనేవాడు. చూసొచ్చినవి భయంకరమైన ఊళ్లే. అయినా ఆ సాయంత్రాలు ఎంత తేలిగ్గా ఉండేవో.

ఇప్పుడు లొకేషన్ పంపితే సరిపోతుంది. పంపాను. రమణ చూశాడు.

అదే రోజు, ఇంట్లో

తలుపు గడియ పెట్టి కూర్చున్నాను. రాసేస్తే నయం.

రెండు వర్గాల పెద్దల ఇళ్లకూ వెళ్లాను. రెండు చోట్లా అరుగు మీదే. అవతలి వాళ్లే అంటించారని ఇద్దరూ చెప్పారు. తిరిగి వస్తుంటే కాలిన గడ్డివామి పక్కన లక్షుమ్మ అనే ముసలావిడ. బూడిదలో కట్టె పెట్టి కదిలిస్తోంది. గడ్డి ఆమె గేదెలదే. ఏ వర్గమూ కాదు.

"నా ఎనుములేం తినల్ల ఇప్పుడు? అంటించినోన్ని నేను సూడ్లేదనుకుంటాండారు. సూసినా."

అంటించినవాడి పేరు చెప్పింది. ఫోన్‌లో వీడియో తీశాను. తర్వాత మెల్లగా నా చెయ్యి పట్టుకుంది. "నా పేరు మాత్రం రాయొద్దమ్మా."

ఊరి చివర మోటార్ సైకిల్ అడ్డం పెట్టారు. ముగ్గురు. ఒకడు చెయ్యి చాచాడు.

"ఫోన్ ఇట్లియ్యక్కా."

"ఎందుకప్పా?"

"ముసలామె ఏందో సెప్పిందంట గదా. మేమూ ఇంటాం."

చుట్టూ ఎవరూ లేరు. మామ ఉంటే ఏం చేసేవాడు... ఇచ్చేశాను. వీడియో చూసి తుడిచేశాడు. ఫోన్ మర్యాదగా నా చేతిలో పెట్టాడు.

"ఒగదానివే వచ్చినావే. ప్రొద్దుటూర్లో మీ ఇల్లు యాడుందో మాకు తెల్సులే. జాగర్తగా పో అక్కా."

ఆ 'అక్కా' అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

రమణకు అంతా చెప్పలేదు. ఎండ దెబ్బ అన్నాను.

ఫిబ్రవరి 11

వార్త వచ్చింది. చిన్న ముక్క. పేర్లు లేవు.

ఫిబ్రవరి 12

మా పేపర్ కడప డెస్కు నుంచి ఫోన్. "వీడియో ఏమైనా ఉందా మేడం? పోలీసులు ఇంకా కేసే కట్టలేదంట." చూస్తానన్నాను.

చూశాను. ఫోన్‌లో తుడిచేసినవి కొన్నాళ్లు నిలిచే చోట అది ఇంకా ఉంది. మళ్లీ తీసుకోవచ్చు. లక్షుమ్మ ముఖం, గొంతు, వాడి పేరు — అన్నీ.

ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 14

పులివెందుల. ఖాజా మామ ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నాడు. చూపు తగ్గింది. గొంతు విని గుర్తుపట్టాడు. "వచ్చినావా పాపా! యాడికి పోయినావు ఇన్ని దినాలు?"

చాలాసేపు పాత సంగతులే. ముద్దనూరు రోడ్డులో వానకు తడిసి, కెమెరాను నా కొంగులో చుట్టి తెచ్చిన రోజు. తన ఫొటో బాగా రాలేదని ఒక నాయకుడు మళ్లీ రమ్మని కబురు పెట్టడం. నవ్వి నవ్వి మామకు దగ్గొచ్చింది. కూతురు కసిరింది.

తర్వాత ఊరి చివర జరిగింది చెప్పాను. మామ నవ్వు ఆపేశాడు.

"ఇచ్చి మంచి పని జేసినావు."

"నువ్వుంటే ఇచ్చేవాడివి కాదు మామా. నీకు భయమే లేదు."

"ఎవురు సెప్పినారు? బండి ఎందుకు తిప్పి పెట్టేటోన్ననుకుంటాండావు? తిరిగి వచ్చేటప్పుడు నా చేతులు వణికేటియి. తిప్పే శక్తి ఉండేది గాదు."

ఇన్నేళ్లూ నాకు తెలియదు. ఆ వీపు వెనక నేను ధైర్యంగా కూర్చున్నాను.

వీడియో ఇంకా ఉందని చెబితే ఒక్కటే అడిగాడు. "ఆ యమ్మకు తెల్సునా?"

"తెలీదు."

"ఆ యమ్మ మాటలు గదా. ముందు ఆమెనడుగు."

బస్సు వేంపల్లె మీదుగా వచ్చింది. దారంతా స్కూటర్ చప్పుడు వింటున్నట్టే ఉంది.

ఫిబ్రవరి 15

రమణకు మొత్తం చెప్పాను. తిట్టలేదు. అంగడికి వెళ్లలేదు. ఇంటి ముందు వీధిలో కుర్చీ వేసుకుని వచ్చేపోయే బండ్లను చూస్తూ కూర్చున్నాడు.

ఫిబ్రవరి 16

లక్షుమ్మకు ఫోన్ చేశాను. వీడియో పోలేదని చెప్పాను.

"పోలీసోల్లు ఎవురూ సూడ్లేదని రాసుకోని పోయినారమ్మా. వాడు నా ఇంటి ముందరే నవ్వుకుంటా పోతాండాడు... ఎయ్యి. నా పేరు గూడా ఎయ్యి."

ఫోన్ పెట్టిన కాసేపటికే ఆమె కొడుకు చేశాడు. గొంతు అరుపుకీ ఏడుపుకీ మధ్య ఉంది.

"మాయమ్మ రోసంతో అంటాది. నువ్వు రాసి ప్రొద్దుటూర్లో ఉంటావు. నాకిద్దరు పిల్లోల్లు. మేం యాడికి పోవల్ల, సెప్పు?"

వీడియో ఇంకా డెస్కుకు పంపలేదని చెప్పాను.

ఖాజా మామకు ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. నిద్రపోతున్నాడట. లేపవద్దన్నాను.

ఫిబ్రవరి 17, పొద్దున

కొత్త నంబరు. లక్షుమ్మే, ఎవరి ఫోనో. "నా కొడుకును గూడా కూసోబెట్టినా. ఇద్దరం నీకే సెప్తాం. రా."

డెస్కుకు ఏమీ చెప్పలేదు. చెప్పులు వేసుకుంటుంటే రమణ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"బస్సు వద్దు. నేనొస్తా."

"అంగడి?"

"ఇన్నేండ్లు ఫోన్ కాడ కూసున్నా సుజాతా. ఇంగ నాతో గాదు."

కింద బండి స్టార్ట్ చేశాడు. హారన్ కొడుతున్నాడు. తల్లి ఔనని, కొడుకు కాదని అంటే... ఎవరి మాట వినాలి? మళ్లీ హారన్. వస్తున్నా.