ఆగని స్టార్టర్

అమ్మా షైనీ,

తిరుపతిలో నీ చదువుకు ప్రభువు తోడుండాలని కోరుతూ మీ అత్త రాస్తున్నది.

కలరాతో మంచం పట్టిన మీ మామకు నీ ఉత్తరం చదివి వినిపించాను. పేగు కణాల్లో జి ప్రోటీన్ అనే స్విచ్చి ఉంటుందనీ, జీటీపీ అనే అణువు వచ్చి కూర్చుంటే ఆన్ అయి, దాన్ని తనే విరగ్గొట్టి ఆఫ్ అవుతుందనీ, కలరా విషం తగిలితే ఇక ఆఫే కాక ఒంట్లో నీళ్లన్నీ పేగులోకి తోడేస్తుందనీ రాశావు. అది వినగానే ఆయన ఉప్పు చక్కెర నీళ్ల గ్లాసు నెట్టేశాడు. "మోటారు స్టార్టర్ ఇరుక్కున్నాక బావిలో నీళ్లు పోస్తే ఏమొస్తాది? బావి ఎండితే మోటారు అదే ఆగతాది" అన్నాడు.

ఆత్మకూరు డాక్టరు వచ్చి, "ఆగేది మోటారు కాదయ్యా, నువ్వు! విషం తగిలిన ఆ కణాలు రాలిపోయి కొత్తవి వచ్చేదాకా తాగాల్సిందే" అని కసిరాడు. ఎట్లాగో తాగించాను. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు.

ఆదివారం చర్చి సంఘంలో, ఆయన ఎట్లా బాగయ్యాడో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. స్విచ్చిని దేవుడే ఆపినాడని చెప్పమంటాడు మీ మామ. డాక్టరు మాట చూస్తే దాన్ని ఎవరూ ఆపనే లేదు. మరి మనిషెట్లా బతికాడు? నాకేమీ అంతుపట్టడం లేదు, వెంటనే రాయి.

ఇంతలో పక్కింటి హన్నమ్మ వచ్చింది. బిడ్డకు పొద్దుటి నుంచి విరేచనాలట. "ఏం చేస్తే తగ్గిందక్కా?" అని ఏడుస్తున్నది. చెప్పడం చేతకాక, ఉప్పు చక్కెర నీళ్ల గ్లాసు తీసుకుని పోతున్నాను.

మీ అత్త