చప్పుడు చేయని పాట

అమ్మకు,

నీ ఏకైక పుత్రిక, ఈ ఇంటి ఆస్థాన గాయని, సాష్టాంగపడి (గచ్చు చల్లగా ఉంది కనుక మరికాసేపు అలాగే ఉండి) రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ నేను, నాన్న, నానమ్మ, దూరపు ఊరి ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్తూ నువ్వు మాకు అప్పగించిన బాల్కనీ మొక్కలు, అందరం క్షేమం. ఒక్క నా గొంతు తప్ప. నీ క్షేమం గురించి నువ్వు రాసిందంతా నమ్మాను గానీ, "వేళకు తింటున్నాను" అన్న చోట మాత్రం ఎర్రసిరాతో గీత గీశాను. నర్సులు పేషెంట్లకు చెప్పేదొకటి, తాము చేసేదొకటి అని ఈ ఇంట్లో పుట్టి పెరిగిన నాకు తెలియదా?

గొంతు మాట వినగానే కంగారుపడకు. జబ్బేమీ కాదు. గొంతు డాక్టరుగారు లోపల టార్చి వేసి చూసి, "వారం రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు" అన్నారు. ఈ వార్తను నానమ్మ అందుకున్న తీరు చూసి నా మనసు చివుక్కుమంది. "డాక్టరుగారూ, వారం చాలంటారా? ఇంకోసారి చూడండి" అంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఎత్తి "ఊఁ" అని పెట్టేసింది నేనే. దొంగలెవరూ పడలేదు. మాట్లాడకూడదన్నారు గానీ రాయకూడదని అనలేదు కనుక, లోపల కుక్కుకున్నదంతా ఈ కాగితాల మీద పోస్తున్నాను.

ఇక నీ ప్రశ్నలకు జవాబులు. నాన్న కొత్త కళ్ళజోడు తీసుకున్నాడు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ, ఊళ్ళోవాళ్ళందరికీ అద్దాలు అరగదీసి ఇస్తూ, తను మాత్రం పగిలిన ఫ్రేముకు దారం చుట్టుకు తిరిగే మనిషి, నీ ఉత్తరం చూశాక ఆ సాయంత్రమే కొత్తది పెట్టుకొచ్చాడు. పెట్టుకోగానే నా గది చూసి, "ఇది ఇంత మురికిగా ఉండేదా?" అన్నాడు. పాతదే నయం. నా ఉద్యోగం భద్రం. ఊళ్ళో సగం లిఫ్టుల్లో "తలుపులు మూసుకుంటున్నాయి" అనే గొంతు ఇంకా నాదే.

మూడో ప్రశ్న: "ఆ సినిమా పాట చివరికి నీకే ఉందా, ఆ పెద్ద సింగర్‌కి ఇచ్చేశారా?" దీనికి జవాబు ఒక్క ముక్కలో చెప్పను. నువ్వు టీ కలుపుకొచ్చి కూర్చో. ఎందుకంటే నీ ఉత్తరం చివర ప్రశ్న కానిదొకటి ఉంది. "నా నైట్ డ్యూటీల వల్ల పగలంతా ఇంట్లో నువ్వు గట్టిగా నోరు విప్పింది లేదు. ఇప్పుడదే నీకు అడ్డమొచ్చింది. నీ గొంతు నేనే నొక్కేశానమ్మా, ఏమీ అనుకోకు" అని రాశావు. ఆ రెండింటికీ జవాబు ఒకటే. పోయినసారి ఏడుస్తూ రాసినందువల్ల నీకు సగమే అర్థమై ఉంటుంది. అందుకని మొదటినుంచీ వస్తాను.

ఈ సినిమా పాతకాలపు కథ. అందులో ఒక టెలిఫోన్ ఆపరేటర్ అమ్మాయి డ్యూటీ దిగి గదికొచ్చి, రేడియో పెట్టుకుని, చెప్పులు విప్పేసి ఒక్కతే డాన్స్ చేస్తుంది. ఆ రేడియోలో వచ్చే పాట మనది. నిజంగా ఆ రోజుల్లోనే వచ్చిన పాప్ పాటలా ఉండాలి, పెద్దవాళ్ళు విని "అరె, ఇది మా కాలేజీ రోజుల పాట" అని పచ్చి అబద్ధం ఆడాలి. అదీ మ్యూజిక్ డైరెక్టరుగారి ఆశ. ఆయన్ని అందరం మాస్టారు అంటాం. సినిమాకంటే ముందు ఈ ఒక్క పాటనే సింగిల్‌గా వదులుతారు, నల్లటి గ్రామఫోన్ రికార్డుతో సహా.

పాత పాట కావాలంటే పాత పద్ధతిలోనే తీయాలని మాస్టారి పట్టుదల. గిటారు, బేస్, ట్రంపెట్, డ్రమ్స్, నేను, అందరం ఒకే గదిలో, ఒకేసారి. బీరువా అంత టేపు మిషన్ ఒకటి అద్దెకు తెచ్చారు. కాసేపు తిరిగితే అది ఇస్త్రీ పెట్టెలా వేడెక్కుతుంది. కంప్యూటర్లో అతుకులు వేయడం నిషిద్ధం. ఎవరు ఒక్క తప్పు చేసినా పాట మొత్తం మళ్ళీ మొదటికి. అందుకని ఆ గదిలో అందరూ మిగతావాళ్ళ వంక దొంగల్ని చూసినట్టు చూస్తుంటారు.

నన్నెలా తీసుకున్నారో నీకు సరిగ్గా చెప్పలేదు. నాకంటే ముందు పాడిన అమ్మాయిలందరూ అద్దాలు అదిరిపోయేలా పాడారు. నా వంతు వచ్చింది. మైకుకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి మొదలుపెట్టాను. రికార్డింగ్ చూసే పెద్దాయన, అక్కడందరికీ సౌండ్ బాబాయ్, ఏవో మీటలు తిప్పి, అద్దం అవతలనుంచి చెయ్యి ఊపాడు.

"ఆగమ్మాయ్, మైకు ఆన్‌లో లేనట్టుంది."

"మైకు ఆన్‌లోనే ఉంది బాబాయ్. నేనే ఇంతే."

అప్పుడు వాల్యూమ్ పెంచి విన్నారు. మాస్టారు గదిలోకి వచ్చేశారు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?"

"మా అమ్మ దగ్గరండి."

"ఆవిడ కూడా పాడతారా?"

"లేదండి. నిద్రపోతుంది."

నవ్వారు. అది జోకు కాదని చెప్పాల్సి వచ్చింది. రెండు గదుల మధ్య చెక్క గోడ, అటువైపు రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న నువ్వు, ఇటువైపు బట్టల బీరువా తలుపు తీసి, నీ స్వెట్టర్ల మధ్య తల దూర్చి సాధన చేసే నేను. నీ మంచం కిర్రుమంటే చాలు, పదం మధ్యలో ఉన్నా సరే ఠక్కున ఆపేసేదాన్ని. నువ్వు సర్దుకున్నావని నమ్మకం కుదిరాక మళ్ళీ అందుకునేదాన్ని. ఇదంతా విని మాస్టారు అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పాతకాలం వాళ్ళు మైకును చెవి అనుకుని పాడేవాళ్ళమ్మా. ఇప్పుడందరూ మైదానం అనుకుంటున్నారు. ఇన్నాళ్ళూ వెతుకుతున్నది బీరువాలో ఉందన్నమాట!" అన్నారు.

పాట పల్లవి "మెల్లగా రా, మెట్లు నిద్రపోతున్నాయి" అని ఉంటుంది. మొదటి రోజు టేపు బ్రహ్మాండంగా సాగుతోంది. "మెట్లు" అన్నానో లేదో, డ్రమ్మరన్న కూర్చున్న స్టూలు కిర్రుమంది. అంతే, నా నోరు దానంతటదే మూతపడింది. బ్యాండు వాయిస్తూనే ఉంది. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను, ఎవరి కోసమో నాకే తెలియదు. తర్వాత ఇంకా మెల్లగా "నిద్రపోతున్నాయి" అన్నాను. పాట చెడగొట్టానని ఏడుపొక్కటే తక్కువ. మాస్టారు మాత్రం టేపు వెనక్కి తిప్పి, ఆ ఖాళీనే మళ్ళీ మళ్ళీ విన్నారు. "ఈ ఆగడం ఎవరికీ నేర్పితే రాదు. ఇది ఉండాల్సిందే" అన్నారు.

అంతా బాగుందనుకునేలోపు ప్రొడ్యూసరుగారు వచ్చి విన్నారు. చివరి చరణం "ఊరంతా మేలుకోనీ" అని ఉంటుంది.

"మాస్టారూ, ఊరంతా మేలుకోనీ అంటూ ఊరికి వినపడకుండా పాడుతుందేంటండీ ఈ అమ్మాయి?"

అక్కడ ఆయన తప్పేమీ లేదమ్మా. మాస్టారూ ఒప్పుకున్నారు. చివర్లో గొంతు పూర్తిగా విచ్చుకోవాలి, హాలు హాలంతా లేచి నిలబడాలి. గురువారంలోగా నేను పాడగలిగితే సరే, లేకపోతే శుక్రవారం పెద్ద సింగర్ వచ్చి మొత్తం పాడేస్తారు, నా టేపు డబ్బాలోకి పోతుంది. ప్రయత్నించాను. ఆ చరణం దాకా వచ్చి నోరు పెద్దగా తెరుస్తాను, గొంతు మాత్రం చిన్నగానే వస్తుంది. చూసినవాళ్ళకు ఆవలిస్తున్నట్టుంటుంది.

"రోడ్డవతల టాక్సీని పిలుస్తావు చూడు, అలా అందుకో తల్లీ" అన్నాడు సౌండ్ బాబాయ్.

"నేను ఫోన్లో బుక్ చేసుకుంటాను బాబాయ్."

నవ్వించాను గానీ, ఆ రోజు బాత్రూంలో కుళాయి తిప్పేసి ఏడ్చాను. నీకు రాసింది ఆ సాయంత్రమే. అక్కడిదాకా నీకు తెలుసు.

ఇక తెలియనిది. ముందుగా నువ్వు నాకొక హామీ ఇవ్వాలి: దీనికి నాన్నను తిట్టకూడదు. ఒట్టు వేయించుకునే వీల్లేదు కనుక వేసినట్టే రాసుకుంటున్నాను.

గురువారం మధ్యాహ్నం నాన్న షాపు నుంచి ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. అప్పటికే ఎన్ని టేకులు పాడుచేశానో, ట్రంపెట్టన్న పెదాలు వాచిపోయాయి. మాస్టారు మర్యాదకు నాన్నను కూర్చోబెట్టి మొదటి రోజు టేపు వినిపించారు. నాన్న దారం చుట్టిన ఆ పాత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "మెట్లు" దగ్గర నేను ఆగిపోయిన చోట ఉన్నట్టుండి నవ్వాడు.

"అదిగో, అక్కడే మీ అమ్మ గోడ వైపు జరిగేది."

"అమ్మేంటి, గోడేంటి నాన్నా? అమ్మ నిద్రపోయేది కదా!"

"నువ్వు పాడుతుంటే దానికి నిద్రెక్కడిదే? మొదట్లో మంచం ఆ చివర పడుకునేది. నువ్వు మెల్లగా అందుకుంటే సరిగ్గా వినపడక ఇటు జరిగేది. ఆ దిక్కుమాలిన మంచం కిర్రుమనేది. నువ్వు ఆపేసేదానివి. ఇక చూడు, ఊపిరి కూడా బిగబట్టి కొయ్యబొమ్మలా పడుకునేది, నువ్వు మళ్ళీ మొదలెట్టేదాకా."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పబోయాను. 'ఎవరో వింటున్నారని తెలిస్తే అది పాడదండీ, మీరు నోరు విప్పారో చూడండి' అంది. విప్పలేదు."

సౌండ్ బాబాయ్ అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆయనకు కళ్ళద్దాలు లేవు.

నేనేమైపోయి ఉంటానో నువ్వే ఊహించుకో. రాత్రంతా పరాయివాళ్ళ సెలైన్ సీసాలు మార్చి, కాళ్ళు పీకుతూ ఇంటికొచ్చి, కళ్ళు మండుతున్నా పడుకోకుండా, ఒక బొంగురు గొంతు పిల్ల బీరువాలోకి పాడే పాట కోసం చెక్క గోడకు చెవి ఆనించావు. నిన్ను లేపకూడదని నేను, నన్ను ఆపకూడదని నువ్వు, ఇద్దరం ఎంత ఒద్దికగా కదలకుండా ఉన్నామే అమ్మా! నువ్వు నా గొంతు నొక్కేశావా? నాకు పాట నేర్పడానికి నువ్వు నీ నిద్ర ఇచ్చావు. పైగా "ఏమీ అనుకోకు" అని నువ్వే రాశావు. చాలా అనుకున్నాను. అనుకున్నదంతా ఇది.

మాస్టారిని ఇంకొక్క టేకు అడిగాను. టేపు ఎక్కించారు. అందరం మొదటినుంచీ అందుకున్నాం. "మెల్లగా రా" అన్నాను, ఎప్పటిలాగే మైకుకు ముక్కు ఆనించి. "మెట్లు" దగ్గరికి వచ్చేసరికి ఏ స్టూలూ కిర్రుమనలేదు. అయినా ఆగాను. నువ్వు గోడ వైపు జరగడానికి వ్యవధి ఇవ్వాలి కదా. నువ్వు సర్దుకుని పడుకున్నావనిపించాక "నిద్రపోతున్నాయి" అన్నాను. ఆ తర్వాత చివరి చరణం. గోడవతల మెలకువగా ఉన్న మనిషికి పాడుతున్నప్పుడు గొంతు తగ్గించాల్సిన పనేముంది? "ఊరంతా మేలుకోనీ" అంటూ ఒక్కో అడుగే మైకుకు దూరంగా వెనక్కి జరిగాను, మధ్యలో గిటారన్న కాలు తొక్కాను, చివరి మాటకు నా వీపు తలుపుకు తగిలింది. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. సౌండ్ బాబాయ్ హెడ్‌ఫోన్సు పీకి అవతల పడేశాడు.

టేపు ఆగింది. గిటారన్న కాలు రుద్దుకుంటూ, "కాలు తొక్కితే తొక్కావు, బాగా పాడావు" అన్నాడు. అద్దం అవతల కూర్చుని విన్న ప్రొడ్యూసరుగారు బయటికి వెళ్ళి, పెద్ద సింగర్ మేనేజరుకు ఫోన్ చేసి, "ఏమనుకోవద్దు సార్, పాట అయిపోయింది" అని చెప్పడం మా అందరికీ వినపడింది. అవును, పాట నాకే ఉంది. మన పాట.

అక్కడితో ఆగితే గొంతు బాగానే ఉండేది. కొత్తగా దొరికిన గొంతు కదా, ఊరుకోబుద్ధి కాలేదు. ఉత్తపుణ్యానికి ఇంకో నాలుగు టేకులు పాడాను. ఇంటికొచ్చి ఇంకోసారి పాడాను. కింది వాటా ఆంటీ పైకొచ్చి, "ఎవరికేమైంది?" అని అడిగింది. నానమ్మ నా వైపు వేలు చూపించి, "దీనికి ఆనందమొచ్చింది" అంది. ఫలితం డాక్టరుగారి టార్చి.

ఇప్పుడు ఆఖరి మాట. దీన్ని ఇందాకట్నుంచీ దాటేస్తూ వస్తున్నాను. సింగిల్ వచ్చే నెల విడుదల. నీకు పాట పంపమని నాన్న రోజూ గొడవ. నేనే పంపనివ్వడంలేదు. నాకు భయంగా ఉందమ్మా. ప్రొడ్యూసరు ముందు పాడాను, మాస్టారి ముందు పాడాను, రేపు ఊరంతా వింటుందన్నా బెదరలేదు. కానీ నీ ఎదురుగా నిలబడి, నీ మొహం చూస్తూ, నా జన్మలో ఒక్క పాట పాడలేదు. మొదటిసారి నువ్వు దాన్ని ఫోన్లో వింటే ఆ భయం ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. కాబట్టి నీ హెడ్ నర్సు గారిని బతిమాలో, భయపెట్టో, నాలుగు రోజులు సెలవు ఇప్పించుకుని రా. హాల్లో మంచి కుర్చీ వేస్తాను. బ్యాండు ఉండదు, మైకు ఉండదు, గోడ కూడా ఉండదు. చిన్న గొంతుతో మొదలుపెట్టి పెద్ద గొంతుతో ముగిస్తాను. నిద్రపోతున్నట్టు నటిస్తే మాత్రం ఒప్పుకోను, నువ్వు కళ్ళు తెరిచే ఉండాలి. కళ్ళు నేను మూసుకుంటాను.

ఇట్లు,
డాక్టరు ఆజ్ఞ మేరకు నోరు మూసుకుని,
నీ రాక కోసం రోజూ మెట్ల వైపు చూస్తున్న
నీ కూతురు