అటార్నీగారి కుర్చీలో నాలుగు శనివారాలు

ఇలోయిలో,
జూలై 5, శుక్రవారం.

మనాంగ్ రుఫీనా అక్కగారికి,

చేపలు ఆరబెట్టుకునే తీరం నుంచి మీ పంతొమ్మిది కుటుంబాలను వెళ్లగొడుతున్నది జడ్జి అని మీరు అనుకుంటున్నారు. కాదు. మనవాడని మీరు నమ్ముకున్న వకీలు, అటార్నీ ఎవరిస్టో పల్మారెస్. కుశలం అడిగాక విషయం రాయడం మర్యాద అని నాకూ తెలుసు. కానీ ముందు కుశలం అడిగితే చేయి మెత్తబడి ఈ మాట రాయలేనేమోనని భయపడ్డాను. ఇప్పుడు అడుగుతున్నాను. మీ మోకాలు ఎలా ఉంది? ఈ వానల్లో చేపలు బూజు పట్టకుండా ఎక్కడ పెడుతున్నారు?

నేను ఆర్లిన్‌ని. అటార్నీ ఆఫీసులో కాగితాలు టైపు చేసి కోర్టుకు పట్టుకెళ్లే అమ్మాయిని. మీరు ఎప్పుడొచ్చినా కూతురిని పిలిచినట్టు, తిన్నావా ఇందాయ్, ఈ నడుం చూస్తే పొద్దున్నుంచి కాగితాలే నమిలినట్టున్నావు అనేవారు. మంగళవారం మీరు మా ఆఫీసులో కూర్చుని, కేసు ఎలా పోయింది అటార్నీ అని అడిగినప్పుడు నేను గోడ పక్కనే నిలబడి ఉన్నాను. కోర్టు కూడా మీ సముద్రం లాంటిదే మనాంగ్, ఒకసారి ఇస్తుంది, ఒకసారి లాక్కుంటుంది అన్నాడాయన. సముద్రం ముందే చెబుతుంది అటార్నీ, మబ్బు చూస్తే మాకు తెలుస్తుంది, మీరు ఏ మబ్బూ చూపించలేదే అన్నారు మీరు. ఆయన ఫోను తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. మీరు లేచి, కుర్చీ యథాస్థానానికి జరిపి, వెళ్లొస్తాను ఇందాయ్ అని నాకు మాత్రం చెప్పి వెళ్లారు.

ఆయన చెప్పనిది నేను చెబుతాను. మార్చిలో కింది కోర్టు మీకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అంతటితో ఏమీ మునిగిపోలేదు. పై కోర్టుకు అప్పీలు చేసుకోవడానికి పదిహేను రోజులు ఉన్నాయి. కానీ ఇలా ఇళ్లు ఖాళీ చేయించే కేసుల్లో, ఇచ్చిన తీర్పు మళ్లీ ఆలోచించండి అని అదే జడ్జిని అడగకూడదు. అడిగినా గడువు ఆగదు. నేరుగా అప్పీలుకు వెళ్లాలి. అటార్నీ ఆ అడగకూడనిదే అడిగాడు. జవాబు కోసం మనం ఎదురుచూస్తుండగా పదిహేను రోజులూ గడిచిపోయాయి. కోర్టు గుమాస్తా ఆ కాగితం నా చేతికి తిరిగిచ్చి, మీ అటార్నీ తలుపనుకుని గోడ తట్టాడు ఇందాయ్, ఆయన క్లాసులకు వెళ్లడా ఏమిటి అన్నాడు.

ఆ క్లాసుల సంగతి మీకు తెలియాలి. చట్టాలు మారుతుంటాయి కాబట్టి మన దేశంలో ప్రతి వకీలూ మూడేళ్లకోసారి ముప్పయ్యారు గంటలు విద్యార్థిలా కూర్చుని మళ్లీ చదువుకోవాలి. చదివినట్టు ఒక నంబరు ఇస్తారు. కోర్టులో వేసే ప్రతి కాగితం మీదా వకీలు సంతకం కింద ఆ నంబరు ఉండాలి. మీలాంటివాళ్లను కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది. నిరుడు నగరంలోని ఒక హోటల్లో వరుసగా నాలుగు శనివారాలు ఆ క్లాసులు జరిగాయి. పల్మారెస్ తన పేరున్న బిళ్ల నా మెడలో వేసి, తిండి బాగా పెడతారట, కడుపు నిండా తిని రా ఇందాయ్ అని పంపాడు.

వెళ్లి చూస్తే మా బల్ల దగ్గర ఏడుగురం. వకీలు ఒక్కరూ లేరు. ఆరుగురం టైపు చేసేవాళ్లం, ఒకాయన డ్రైవరు. మేం అన్నలా నోంగ్ అని పిలిచే ఆ డ్రైవరు దోదోంగ్‌కు వాళ్ల వకీలు మేడమ్ తన బిళ్ల ఇచ్చారు. వకీళ్లు ఒకరినొకరు పాన్యెరో, ఆడవాళ్లయితే పాన్యెరా అని గౌరవంగా పిలుచుకుంటారు కదా. మేమూ అలాగే పిలుచుకున్నాం. పాన్యెరా, ఈ నెల మీసం బాగా ఒత్తుగా వచ్చింది, ఏ నూనె రాస్తున్నారు అని ఒకామె నోంగ్ దోదోంగ్‌ను అడిగింది. ఆయన నూడుల్స్ గిన్నె ముందుకు లాక్కుని, అభ్యంతరం, సాక్షి భోంచేస్తున్నాడు అన్నాడు. నవ్వలేక చచ్చాం. హాజరు పట్టీ రాగానే మాత్రం అందరం నవ్వు ఆపి, యజమానుల సంతకాలు పెట్టాం. వాళ్లకంటే అందంగా పెట్టాం.

మీ కేసుకు కావలసిన ఆ నియమం మూడో శనివారం మధ్యాహ్నం చెప్పారు. ఆ వేళ పల్మారెస్ కుటుంబంతో గిమారాస్ దీవిలో ఈత కొడుతున్నాడు. సోమవారం అందరికీ మామిడిపళ్లు పంచుతూ నా దగ్గర ఆగి, అయితే ఇందాయ్, ఈ వారం నేనేం నేర్చుకున్నాను అని అడిగాడు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను మనాంగ్.

ఇదొక మనిషి బద్ధకం కాదు. పేదవాడి ఇల్లు పెద్దమనిషి సెలవుదినం కంటే చులకన అని నిర్ణయించేసిన ఏర్పాటు ఇది. చదువు వాళ్లదట, పట్టా వాళ్లదట, కూర్చోవడం మటుకు మనది. మునిగేది మీరు. గుమాస్తా మాట విన్న రోజున నేను ఆయన గదిలోకి వెళ్లి, ఈ నియమం మీరు హాజరైన క్లాసులోనే చెప్పారు సర్ అని మొహం మీదే అనేశాను. ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ, ఆ పట్టీలో చేతిరాత ఎవరిదో ఒకసారి గుర్తు తెచ్చుకో ఇందాయ్, నీకింకా చిన్న వయసు అన్నాడు. బెదిరింపు కూడా ఇంత ముద్దుగా చేయవచ్చని ఆ రోజే తెలిసింది.

ఇవాళ మధ్యాహ్నం ప్రభుత్వ ఉచిత న్యాయ సహాయ కార్యాలయానికి వెళ్లాను. అక్కడ అటార్నీ గిల్డా సొబ్రెపెన్యా అని ఒకామె ఉన్నారు. వకీలు చేసిన తప్పుకు కక్షిదారుడే బాధ్యుడు, మామూలుగా కోర్టు మాట అదేనమ్మా అన్నారు. కానీ వకీలు నిర్లక్ష్యం మరీ ఘోరంగా ఉంటే, మూసిన తలుపును పై కోర్టు ఒక్కోసారి తెరుస్తుందట. దానికి లోపలి మనిషి ఎవరైనా ప్రమాణం చేసి చెప్పాలి. నేను చెబుతానన్నాను. నీ సంతకం సంగతి కూడా బయటపడుతుంది, నీ మీదా కేసు రావచ్చు, ఇంట్లో అడిగి రా అన్నారు. ఇంట్లో అడగాల్సింది ఏమీ లేదని చెప్పాను. ఆమె అఫిడవిట్ రాసుకున్నారు. సోమవారం ప్రమాణం చేయాలి.

ఇళ్లు ఖాళీ చేయించడానికి కోర్టు అధికారి షెరీఫు వచ్చేది సోమవారం తొమ్మిది గంటలకు. ఆలోపు మన పిటిషన్ మీద కోర్టు ముద్ర పడాలి. ఇంటికొకరు చొప్పున పంతొమ్మిది మందీ స్వయంగా వచ్చి సంతకం చేయాలి. ఒక్కరు తగ్గినా ఆ ఇల్లు లెక్కలోకి రాదు. పల్మారెస్ మనిషి వచ్చి అటార్నీగారు మాట్లాడుతున్నారు, మీరు ఇళ్లలోనే ఉండండి అంటే నమ్మకండి. ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించండి.

మీ పొయ్యి చల్లారకూడదని కోరుకునే,
ఆర్లిన్ గెపుల్యానో

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. మూడో శనివారం ఆ నియమం చెప్పారని రాశాను కదా. చెప్పారు. కార్యక్రమం కాగితంలో అచ్చయి ఉంది. కానీ నేను వినలేదు. ఆ గంటన్నర సేపూ బల్ల కింద ఒక కరపత్రం పెట్టుకుని చదువుతున్నాను. తీరాల్లో బతికే పేదల హక్కుల గురించి. మీ గురించే రాసినట్టు ఉంది, నా కళ్లు మండిపోయాయి. వేదిక మీద పాఠం చెప్పే ఆయన మీ ఇళ్లను నిలబెట్టే వాక్యం చెబుతుంటే, నేను మీ కోసం ఉడికిపోతూ దాన్ని వినకుండా పోయాను.

ఇంకొకటి. మార్చిలో అటార్నీ నాతో, పాత ఫైళ్లలో ఏదో ఉంటుంది, చూసి తయారు చెయ్యి ఇందాయ్ అన్నాడు. ఆ పనికిరాని పిటిషన్ పాత ఫైలులోంచి తీసి, పేర్లు మార్చి, ఒక్క పూటలో టైపు చేసింది నేనే. ఆయన చదవకుండా సంతకం పెట్టాడు. త్వరగా చేశానని నేను మురిసిపోయాను.

క్లాసులో నియమం విన్నావా అని ఇవాళ అటార్నీ గిల్డా అడిగితే విన్నానన్నాను. అఫిడవిట్‌లో అలాగే ఉంది. ప్రమాణం చేసే ముందు ఆ వాక్యం కొట్టేయించి నిజం రాయిస్తాను. దానితో మన పిటిషన్ నిలుస్తుందో కూలుతుందో నాకు తెలియదు. మీరు మాత్రం తెలిసే రావాలి.

సోమవారం ఉదయం ఏడు గంటలకు, కోర్టు భవనం మెట్ల దగ్గర, పంతొమ్మిది ఇళ్ల వాళ్లూ. నన్ను తిట్టడానికి ఎనిమిది దాకా సమయం ఉంది. ఎనిమిదికి పిటిషన్లు తీసుకునే కిటికీ తెరుస్తారు. అప్పటికి అందరూ వరుసలో ఉండాలి.